అసెంబ్లీ పద్దు, కిరాణా కొట్టు పద్దు

గుంటూరులో మా పిన్ని ఒక సర్కారు ప్రాథమిక బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఆమె దగ్గర రెండు పుస్తకాలుంటాయి. ఒకదాంట్లో ఏ రోజు ఎంతమంది పిల్లలు తిన్నారో రాస్తారు. రెండోది అట్ట ఊడిపోతే దారంతో కుట్టుకున్న నోటుబుక్కు. అది కిరాణా కొట్టు పద్దు. కందిపప్పు, పామాయిలు, చింతపండు, ఎండుమిర్చి, పసుపు. వారానికో గీత, గీత కింద మొత్తం. ఒకసారి వెళ్లినప్పుడు ఆ పుస్తకం తిరగేశాను. మూడు నెలల పాటు ఎక్కడా ‘జమ’ అన్న మాటే లేదు. సరుకులు బడి పిల్లలు తిన్నారు, అప్పు మాత్రం పిన్ని పేరున ఉంది.

“బిల్లు పెట్టార్రా. పైన ఆగిందంట” అంది పిన్ని.

ఆ ‘పైన’ అంటే ఎక్కడ, అక్కడ బిల్లు ఎందుకు ఆగుతుంది, ఆగితే ఆ భారం ఎవరి మీద పడుతుంది? ఇవి తెలుసుకోవాలనే అప్పట్నుంచి బడ్జెట్ పుస్తకాలు చదవడం మొదలుపెట్టాను. శాసనసభలో శాఖలకి కేటాయించే డబ్బుని కూడా మనం పద్దు అనే అంటాం. గుంటూరుకీ విజయవాడకీ మధ్య వెలగపూడిలో ఆమోదించే ఆ పద్దుకీ, పిన్ని చేతిలో ఉన్న పద్దుకీ గట్టి లంకె ఉంది.

బడ్జెట్లో కోత అనగానే ఆర్థిక మంత్రి లేచి ఫలానా పథకానికి ఇంత తగ్గిస్తున్నాం అని చెబుతారనుకుంటాం. అలా జరగడం చాలా అరుదు. పైకి చూస్తే అంకె ఏటా పెరుగుతూనే ఉంటుంది. 2024 నవంబరులో పెట్టిన రాష్ట్ర బడ్జెట్ 2.94 లక్షల కోట్లు. 2025 ఫిబ్రవరి 28న ఆర్థిక మంత్రి పయ్యావుల కేశవ్ ప్రవేశపెట్టిన 2025-26 బడ్జెట్ 3.22 లక్షల కోట్లు. మర్నాడు పేపర్లో మొదటి పేజీలో వచ్చేది ఈ అంకే. ఇది ఖర్చు పెడతామన్న మాట, పెట్టిన ఖర్చు వేరే ఉంటుంది.

బడ్జెట్ పుస్తకంలో ఏ పద్దు తీసుకున్నా దాని పక్కన నిలువు వరుసలుంటాయి. రాబోయే ఏడాదికి బడ్జెట్ అంచనా, నడుస్తున్న ఏడాదికి సవరించిన అంచనా, గడిచిన ఏడాదికి లెక్కలు. లెక్కలంటే నిజంగా ఖజానా దాటి బయటికి వెళ్లిన డబ్బు. కోత కనబడేది ఈ వరుసల మధ్య తేడాలోనే. ఒక ఫిబ్రవరిలో వంద అన్నారు, మరుసటి ఫిబ్రవరికి దాన్ని డెబ్బైకి సవరించారు, ఆ పై ఏడాది వచ్చిన లెక్కల్లో అరవై అని తేలింది అనుకోండి. నలభై రూపాయల కోత పడింది. ఎవరూ ప్రకటించలేదు. లెక్కలు బయటికొచ్చే నాటికి రెండేళ్లు గడిచిపోతాయి కాబట్టి అడిగేవాళ్లు కూడా ఉండరు.

కేటాయింపు ఉన్నంత మాత్రాన డబ్బు ఉన్నట్టు కాదు. ఆర్థిక శాఖ నిధుల విడుదలకి ఉత్తర్వు ఇవ్వాలి. బిల్లు సీఎఫ్ఎంఎస్‌లోకి, అంటే ప్రభుత్వ చెల్లింపులు నడిచే కంప్యూటరు వ్యవస్థలోకి ఎక్కాలి. ఆ రోజు ఖజానాలో డబ్బుండాలి. ఉన్న డబ్బుకి వరసలో ముందెవరున్నారో చూడాలి. మార్చి 31 దాటితే ఆ ఏడాది నిధులు మురిగిపోతాయి. ఆఫీసుల్లో ఈ మాటే వాడతారు, కదలని నీళ్ల లాగే అవి ఎవరికీ అందకుండా పోతాయి.

వరసలో ముందు అప్పుల మీద వడ్డీలుంటాయి. రాజ్యాంగం ప్రకారం వాటి మీద సభలో ఓటింగు కూడా ఉండదు, కట్టి తీరాల్సిందే. తర్వాత జీతాలు, రిటైరైన వాళ్ల పింఛన్లు. ఇవి ఆలస్యమైతే అడిగే సంఘాలుంటాయి, కోర్టులుంటాయి. ఇవన్నీ పోగా మిగిలిన దాంట్లోంచి సర్దాల్సినవి చిన్న బిల్లులు. బడి వంట బిల్లు, అవుట్‌సోర్సింగ్ వాళ్ల జీతం, ఆసుపత్రుల బకాయి, కాలేజీ ఫీజులు, కాలవ పూడిక, పైపుల మరమ్మతు. డబ్బు తక్కువైన ఏడాది కత్తెర ముందు వీటి మీదే పడుతుంది. వీటి అవసరం తక్కువని కాదు. వీటిని ఆపితే ఆ రోజుకి పెద్దగా గొడవ జరగదు, అందుకని.

ఇంతకీ అసలు బిగింపు ఎందుకు? ప్రభుత్వాలు ఇష్టం వచ్చినంత అప్పు చేయకుండా కేంద్రం 2003లో ఒక చట్టం తెచ్చింది, రాష్ట్రాలూ అలాంటివే చేసుకున్నాయి. రాష్ట్రాల అప్పుకి మామూలుగా ఉండే హద్దు రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో 3 శాతం. కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్త అప్పు చేయాలంటే రాజ్యాంగంలోని 293వ అధికరణ ప్రకారం కేంద్రం అనుమతి కావాలి. కేంద్రం కూడా తన లోటుని, అంటే రాబడికి మించి చేసే ఖర్చుని, కుదించుకుంటూ వస్తోంది. కోవిడ్ ఏడాది 2020-21లో దేశ స్థూల ఉత్పత్తిలో 9.2 శాతం ఉన్న లోటు 2024-25కి 4.8 శాతానికి దిగింది. అప్పుకి హద్దు ఉండాల్సిందే, అందులో నాకు వేరే అభిప్రాయం లేదు. ఈ రోజు వడ్డీ పెరిగితే రేపటి బడికి డబ్బు తగ్గుతుంది.

అయితే ఈ లోటు లెక్కలో ఒక పెద్ద కంత ఉంది. మన ప్రభుత్వాలు నగదు పద్ధతిలో లెక్కలు రాస్తాయి. డబ్బు చేతులు మారిన రోజే ఖర్చు నమోదవుతుంది. సరుకు తెచ్చి, వండి, పిల్లలు తినేసినా సరే, బిల్లు కట్టే వరకు అది ఖర్చు కాదు. కాబట్టి మార్చిలో బిల్లులు ఆపేస్తే ఆ ఏడాది లోటు తగ్గినట్టే కనబడుతుంది.

ఆ అప్పు మాయం కాలేదు. పిన్ని పుస్తకంలోకి వచ్చి చేరింది.

లెక్క వేసి చూద్దాం. కేంద్రం ఖరారు చేసిన ధర ప్రకారం ప్రాథమిక బడిలో ఒక్కో పిల్లవాడికి సరుకుల ఖర్చు 2025 మే నుంచి రోజుకి 6 రూపాయల 78 పైసలు. బియ్యం విడిగా వస్తాయి. ఈ డబ్బుతో పప్పు, కూరగాయలు, నూనె, పోపు సామాను, గ్యాసు అన్నీ రావాలి. పిన్ని బడిలో ఎనభై మంది పిల్లలనుకుంటే రోజుకి 542 రూపాయలు. నెలకి 22 పనిదినాలు వేసుకుంటే 11,900 దాటుతుంది. మూడు నెలలు ఆగితే 35 వేల పైమాట. కొట్టాయన పప్పు, నూనె అరువిస్తాడు గానీ కూరగాయలకి అరువు పుట్టదు, గ్యాసు బండకీ పుట్టదు. దాంతో తెలిసినావిడ దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి పిన్ని 20 వేలు తెచ్చింది. నెలకి 600 వడ్డీ. వంటకి ఆమెకిచ్చే గౌరవ వేతనం నెలకి 3,000. అంటే ఆమె కష్టంలో ఐదో వంతు, ప్రభుత్వం ఆలస్యానికి వడ్డీ కింద పోయింది.

నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. రాష్ట్ర ప్రభుత్వం రిజర్వు బ్యాంకు వేలంలో బాండ్లు అమ్మి అప్పు తెచ్చుకుంటే పడే వడ్డీ ఈమధ్య 7 శాతానికి అటూ ఇటూగా ఉంటోంది. 7 శాతానికి అప్పు పుట్టే ప్రభుత్వం తన లెక్క బాగా కనబడాలని ఆగితే, ఆ ఖాళీని 36 శాతానికి అప్పు చేసే మనిషి పూడుస్తోంది. బడ్జెట్ కోత గురించి నాకు అర్థమైన ముఖ్యమైన విషయం ఇదొక్కటే. ఖర్చు ఎక్కడికీ పోదు. చవగ్గా మోయగలిగిన చోటు నుంచి, చాలా ఖరీదుగా మోయాల్సిన చోటికి జరుగుతుంది.

ఈ ఒక్క కిటికీలోంచి చూస్తే మిగతావీ విడివిడిగా అర్థమవుతాయి. ఆసుపత్రిలో ఉచిత వైద్యానికిచ్చే వైద్య సేవ కార్డు సంగతి తీసుకోండి. కార్డు బీరువాలో భద్రంగానే ఉంటుంది. పథకం పద్దులోనూ ఉంటుంది. కానీ 2025 అక్టోబరులో బకాయిలు చెల్లించాలంటూ రాష్ట్రంలో ఈ పథకంలో చేరిన ప్రైవేటు ఆసుపత్రులు ఆ కార్డు మీద సేవలు ఆపేశాయి. అలాంటి రోజుల్లో గుండెపోటు వచ్చిన మనిషిని ఆటోలో తీసుకొచ్చిన కుటుంబానికి పథకం ఉన్నా లేనట్టే. చెవి దుద్దులు తాకట్టు కొట్టుకి వెళతాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా అంతే. ప్రభుత్వం కాలేజీకి బాకీ పడుతుంది, కాలేజీ పిల్లవాడి సర్టిఫికెట్లు ఆపుతుంది, ఉద్యోగం వచ్చి చేరాల్సిన పిల్లవాడి తండ్రి అప్పు కోసం తిరుగుతాడు. డ్వాక్రా సంఘాల సున్నా వడ్డీలో కూడా ముందు వడ్డీ కట్టేది మహిళలే. తిరిగి రావాల్సింది ఎప్పుడొస్తుందన్నది ఖజానా మీద ఆధారపడుతుంది.

ఇంకో రకం కోత ఉంది. దీంట్లో ఒక్క రూపాయి కూడా తగ్గించరు, పెంచకుండా వదిలేస్తారు. బడి వంట చేసేవాళ్లకి కేంద్రం 2009లో నెలకి 1,000 రూపాయలని నిర్ణయించింది. అందులో కేంద్రం వాటా 600. అదీ ఏడాదికి పది నెలలే. ఆ వెయ్యి ఈనాటికీ వెయ్యే. మన రాష్ట్రం 2019లో తన డబ్బు కలిపి మూడు వేలు చేసింది. అప్పట్నుంచి అదీ అక్కడే ఉంది. వృద్ధాప్య పింఛను ఇంకా స్పష్టమైన ఉదాహరణ. 2024 జులై 1న గుంటూరు జిల్లా పెనుమాకలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు 4,000 రూపాయల పింఛను పంపిణీ మొదలుపెట్టారు. అర్హుల జాబితాలో ఉన్న 60 నుంచి 79 ఏళ్ల వాళ్లకి కేంద్రం ఇచ్చే వాటా అందులో 200. ఆ 200 దాదాపు 2007 నుంచి మారలేదు. ఆ రోజుల్లో రెండు వందలకి వచ్చిన సరుకు ఇవాళ ఏ కొట్టులోనూ రాదు. ఇది ఏ బడ్జెట్ ప్రసంగంలోనూ కోత అని వినబడదు. పద్దెనిమిదేళ్లుగా ప్రతి ఏడూ ధరలే దాన్ని కోస్తూ వచ్చాయి.

కేంద్రం వాటా 60, రాష్ట్రం వాటా 40 అనే పథకాల్లో ఇంకో ఇబ్బంది ఉంది. రాష్ట్రం తన 40 కూడా జమ చేసి, ఖర్చు పెట్టినట్టు ధ్రువపత్రాలు (యూసీలు) పంపితేనే తర్వాతి విడత వస్తుంది. కాబట్టి రాష్ట్రం 40 రూపాయలు ఆపితే పథకానికి పోయేది నూరు రూపాయలు. డబ్బు కటకట ఉన్న రాష్ట్రానికి ఆ 40 ఆపాలనిపిస్తుంది. అక్కడే నష్టం రెండింతలు దాటుతుంది.

పైనుంచి కిందికి భారం ఎలా జారుతుందో అంగన్‌వాడీల చరిత్రలో చూడొచ్చు. 14వ ఆర్థిక సంఘం సిఫారసుతో 2015 నుంచి కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటా 32 నుంచి 42 శాతానికి పెరిగింది. మంచిదే. కానీ అదే ఏడాది కేంద్ర బడ్జెట్లో అంగన్‌వాడీల పథకానికి కేటాయింపు సగానికన్నా కిందికి పడింది. తర్వాత అనుబంధ పద్దుల్లో కొంత సర్దారు గానీ, రాష్ట్రాలు ఎక్కువ మోయాలన్న దారి మాత్రం అప్పుడు పడింది. అంగన్‌వాడీ టీచరు గౌరవ వేతనానికి కేంద్రం లెక్క 2018 అక్టోబరు నుంచి 4,500, అందులోనూ తన వాటా 60 శాతమే. మన రాష్ట్రంలో ఇచ్చే 11,500లో మిగిలిందంతా రాష్ట్రానిది. 2023 డిసెంబరు 12న జీతం పెంచాలని అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు సమ్మెకి దిగితే అది 42 రోజులు సాగింది, మధ్యలో అత్యవసర సేవల్లో సమ్మెని నిషేధించే ఎస్మా చట్టం కూడా ప్రయోగించారు. ఆ 42 రోజులు మూడేళ్ల పిల్లల్ని ఎవరు చూసుకున్నారు? మిర్చి తొడిమలు తీసే పనికి పోయే తల్లి పని మానుకుంది, లేదా పెద్దమ్మాయి బడి మానింది. ఆ కూలి నష్టం, ఆ బడి నష్టం ఏ పద్దులోనూ రాయరు.

బియ్యం గురించి చాలామందికి గుర్తుండే ఉంటుంది. కోవిడ్ కాలంలో కేంద్రం ఆహార భద్రత చట్టం కింద ఇచ్చే మనిషికి 5 కిలోలు కాక, మరో 5 కిలోలు ఉచితంగా ఇచ్చింది. 2022 డిసెంబరుతో ఆ అదనపు 5 కిలోలు ఆపేసి, 2023 జనవరి నుంచి అసలు 5 కిలోల్ని ఉచితం చేసింది. వార్తల్లో వచ్చింది ఉచిత బియ్యం అనే. నలుగురున్న ఇంటికి మాత్రం 40 కిలోలు 20 అయ్యాయి. బయట కిలో 50 వేసుకున్నా ఆ 20 కిలోలకి నెలకి వెయ్యి. కోవిడ్ సాయం ఎల్లకాలం ఉంటుందని ఎవరూ అనుకోలేదు, దాన్ని ఆపడానికి కారణం ఉంది. కానీ ఆపామని ఆపినట్టుగా చెప్పడం వేరు.

ఉపాధి హామీ పల్లెటూళ్ల సంగతి కదా, గుంటూరుకేం సంబంధం అనిపించవచ్చు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన పథకం అది. 2022-23 సవరించిన అంచనా 89,400 కోట్లుంటే 2023-24 బడ్జెట్లో 60 వేల కోట్లే పెట్టారు. ఏడాది మధ్యలో మళ్లీ 86 వేల కోట్లకి పెంచాల్సి వచ్చింది. ముందు తక్కువ పెట్టి తర్వాత పెంచితే ఏం పోయింది అనుకోవచ్చు. డబ్బు తక్కువున్న నెలల్లో కూలి డబ్బులు ఆలస్యమవుతాయి, పనులు తగ్గుతాయి. పల్లెలో పని లేని మనిషి పొద్దున్నే మొదటి బస్సుకి గుంటూరు అడ్డా మీదికి వస్తాడు. అక్కడ యాభై మంది నిలబడే చోట ఎనభై మంది నిలబడితే మేస్త్రీ చెప్పిందే కూలి. 2025 డిసెంబరులో పార్లమెంటు ఈ చట్టం స్థానంలో కొత్తది ఆమోదించింది. పని దినాలు 100 నుంచి 125కి పెంచింది, ఖర్చులో 40 శాతం మన లాంటి రాష్ట్రాల మీద పెట్టింది. పాత చట్టంలో కూలి డబ్బు మొత్తం కేంద్రానిదే. పైన చెప్పిన 40 ఆపితే నూరు పోయే ఇబ్బంది ఇక్కడికీ వస్తుందేమోనని నా భయం.

చాలా ఖరీదైన కోత మరమ్మతుల్లో జరిగేది. ఈ ఏడాది కాలవ పూడిక తీయకపోతే ఈ ఏడాదే ఏమీ కాదు, వాయిదా వేయడం తేలిక. 2018 మార్చిలో గుంటూరు పాత పట్టణంలో తాగునీటి పైపుల్లో మురుగు కలిసి అతిసారం వచ్చింది, మనుషులు చనిపోయారు. 2024 సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మీద పడింది. ఆ వాన మామూలు వాన కాదు, నిజమే. మర్నాడు ప్రకాశం బ్యారేజీకి వచ్చిన 11.43 లక్షల క్యూసెక్కులు చరిత్రలోనే ఎక్కువ. అయినా బుడమేరు మళ్లింపు కాలవ వెడల్పు పనులు ఏళ్ల తరబడి మిగిలిపోయి ఉన్నాయి, ఆ కాలవకి మూడు చోట్ల గండ్లు పడ్డాయి. నీళ్లు తీశాక నేను చూసిన వీధుల్లో ఇళ్ల ముందు బురద పట్టిన పరుపులు, తలుపులూడిన ఫ్రిజ్‌లు, పిల్లల పుస్తకాలు కుప్పలుగా ఉన్నాయి. ఒకాయన ఆటో ఇంజను విప్పి గుడ్డ మీద పెట్టుకుని ముక్క ముక్కా తుడుస్తున్నాడు. ఆ ఆటోకి ఫైనాన్సు కిస్తీ ఇంకా పదమూడు నెలలుందన్నాడు. కింది అంతస్తులో మునిగిన ఇంటికి ప్రభుత్వం 25 వేలు ఇచ్చింది, ఇవ్వడం అవసరమే. ఇన్ని వేల ఇళ్లకి ఇచ్చిన సాయం, గండ్లు పూడ్చిన ఖర్చు, ఊడ్చిన ఖర్చు ఒకవైపు పెట్టండి. కాలవకి సమయానికి పెట్టాల్సిన ఖర్చు ఇంకోవైపు పెట్టండి. వాయిదా వేసినందుకు మిగిలిందేమీ లేదు.

ఇంతా చెప్పి, ప్రభుత్వాలు ఏమీ ఇవ్వడం లేదంటే అది అబద్ధం అవుతుంది. పిన్ని అత్తగారికి 4,000 పింఛను ఒకటో తారీఖునే ఇంటికొస్తోంది. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, సిటీ బస్సుల్లో, ఎక్స్‌ప్రెస్‌ల్లో ఆడవాళ్లకి టికెట్ లేదు. గుంటూరు నుంచి విజయవాడ పనికి పోయే వాళ్లకి అది నెలకి వేలల్లో మిగులు. ఏడాదికి మూడు గ్యాసు బండలూ ఉన్నాయి. వీటిని తక్కువ చేసి మాట్లాడేవాళ్లు నెలాఖరు ఎలా గడుస్తుందో చూడలేదనే అనుకుంటాను. నా బాధ వేరు. చేతికిచ్చే నగదు అందరికీ కనబడుతుంది కాబట్టి దానికి డబ్బు దొరుకుతుంది. బడి, ఆసుపత్రి, పైపు, కాలవ కనబడవు కాబట్టి వాటి బిల్లులు ఆగుతాయి. అప్పుడు ఈ చేత్తో వచ్చిన నాలుగు వేలు ఆ చేత్తో మందుల కొట్టుకి పోతాయి.

ఈసారి బడ్జెట్ వచ్చినప్పుడు పెద్ద అంకెని వదిలేసి మీకు అవసరమైన ఒక్క పద్దు తీసుకోండి. బడి భోజనమో, వైద్య సేవో. గడిచిన ఏడాది లెక్కల వరుస చూసి, ఆ ఏడాది మొదట్లో ఎంత అన్నారో పాత బడ్జెట్ తీసి పక్కన పెట్టండి. తేడా కనబడుతుంది. ప్రభుత్వాల లెక్కలు తనిఖీ చేసే కాగ్ ప్రతి రాష్ట్రానికీ నెలవారీ లెక్కలు వెబ్‌సైట్లో పెడుతుంది. ఏడాదిలో సగం గడిచేసరికి ఎంత ఖర్చయిందో అందులో చూడొచ్చు. మీ బడి బిల్లు ఏ తేదీన ఎక్కింది, ఏ తేదీన చెల్లింది అని సమాచార హక్కు కింద అడగొచ్చు. మన ఎమ్మెల్యేలని కేటాయింపు ఎంత అని అడగడం మానేసి, పెండింగు బిల్లులు ఎన్ని అని అడిగితే సంగతి బయటపడుతుంది. పెండింగు బిల్లుల మొత్తాన్ని ప్రతి బడ్జెట్లో ఒక పేజీగా పెట్టాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. లోటు ఎంతో చెప్పినప్పుడు దాని పక్కనే ఇది కూడా చెప్పాలి.

పిన్నికి చివరికి రెండు నెలల బిల్లు పడింది. ఫోన్‌లో మెసేజ్ చూసుకుని ఆ సాయంత్రమే కొట్టుకి వెళ్లింది, నేనూ తోడు వెళ్లాను. కొట్టాయన పుస్తకంలో మొదటిసారి ‘జమ’ రాసి, మిగిలింది కింద వేశాడు. ఆయనకి పట్నంబజారు హోల్‌సేల్ షాపులో ఇంకో పద్దు ఉందంట. అక్కణ్ణుంచి వడ్డీ ఇచ్చినావిడ ఇంటికి వెళ్లి పిన్ని మూడు నెలల 1,800 కట్టింది, అసలు అలాగే ఉంది. దారిలో బిల్లు ఫారం గురించి అడిగాను. పిల్లల సంఖ్యకి గడి ఉంది, పనిదినాలకి ఉంది, ఒక్కొక్కరికి ఇచ్చే ధరకి ఉంది. వడ్డీకి లేదు.